తెలుగు పోస్టర్ డిజైన్: రాతప్రతి నుంచి గోడ దాకా

డిజైన్ సూత్రాలు చెప్పే పాఠాలు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ప్రాధాన్యక్రమం, దగ్గరితనం, వరుస, వ్యత్యాసం, ఖాళీ అనే అయిదు సూత్రాలు ఏ లిపికైనా ఒకటే. కొలతలు మాత్రం ఒకటి కావు. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తులు వేలాడతాయి. పెద్దబడి, చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాల తేడా లేదు. పదాలు పొడవు. ఇవి లెక్కలోకి తీసుకోకుండా ఇంగ్లిష్ టెంప్లేట్‌లో తెలుగు పోస్తే, ఎంత మంచి టెంప్లేటయినా ఇరుకుగా కనిపిస్తుంది.

అందుకే ఒకే ఒక్క పోస్టర్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. విషయం రక్తదాన శిబిరం, సైజు ఏ3, అంటే 297 × 420 మిల్లీమీటర్లు. బస్టాండులో, కాలేజీ నోటీసు బోర్డు మీద, కిరాణా కొట్టు షట్టరు పక్కన అంటిస్తారు. తర్వాత అదే వాట్సాప్‌లో తిరుగుతుంది.

మొదటి మెట్టు: కంప్యూటర్ తెరవకముందే రాతను కోయండి

సాధారణంగా నిర్వాహకుల నుంచి వచ్చే రాతప్రతి ఇలా ఉంటుంది: "ప్రపంచ రక్తదాతల దినోత్సవాన్ని పురస్కరించుకుని మన యువజన సంఘం ఆధ్వర్యంలో జడ్పీ ఉన్నత పాఠశాల ఆవరణలో జూన్ 14వ తేదీ ఆదివారం ఉదయం 9 గంటల నుండి మధ్యాహ్నం 2 గంటల వరకు మెగా రక్తదాన శిబిరం నిర్వహించబడును. కావున యువతీ యువకులు అధిక సంఖ్యలో పాల్గొని జయప్రదం చేయవలసిందిగా కోరుతున్నాము."

దీన్ని ఏ ఫాంట్‌లో పెట్టినా పోస్టర్ కాదు, ఎందుకంటే అన్ని మాటలూ ఒకే బరువుతో ఉన్నాయి. చూసేవాడికి మూడు ప్రశ్నలుంటాయి: ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ. వాటికి జవాబు దొరికాకే నేను ఇవ్వచ్చా అన్న నాలుగో ప్రశ్న పుడుతుంది. రాతప్రతిలో ఈ నాలుగోదానికి జవాబే లేదు. కాబట్టి ఇలా మారుద్దాం.

మొదటి అంతస్తు: రక్తదాన శిబిరం.
రెండో అంతస్తు: జూన్ 14, ఆదివారం. ఉదయం 9 – మధ్యాహ్నం 2.
మూడో అంతస్తు: జడ్పీ ఉన్నత పాఠశాల ఆవరణ, ఊరి పేరు.
నాలుగో అంతస్తు: 18 నుంచి 65 ఏళ్ల లోపు వారు, కనీసం 45 కిలోల బరువు ఉన్నవారు రక్తం ఇవ్వవచ్చు. గతంలో ఇచ్చి ఉంటే పురుషులకు 3 నెలలు, మహిళలకు 4 నెలలు గడవాలి. ఖాళీ కడుపుతో రావద్దు.
అడుగున: నిర్వాహకుల పేరు, ఫోన్ నంబరు.

"పురస్కరించుకుని", "జయప్రదం", "నిర్వహించబడును", "మెగా" పోయాయి. వాటితో పాటు చూసేవాడికి కావలసిన సమాచారం ఒక్కటీ పోలేదు. ఈ కోత దగ్గర నిర్వాహకులతో మాట్లాడి ఒప్పించుకోవాలి. రాత ఖాయం కాకుండా డిజైన్ మొదలుపెడితే, చివర్లో చేరే రెండు వాక్యాలు మొత్తం అమరికను కూలుస్తాయి.

రెండో మెట్టు: కాగితం, మార్జిన్, నిలువు గళ్లు

డాక్యుమెంట్ 297 × 420 పెట్టి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు, కలపండి. కటింగ్‌లో కత్తి ఒక మిల్లీమీటరు అటూఇటూ పోతుంది. రంగు అంచు దాకా వెళ్లే చోట బ్లీడ్ లేకపోతే తెల్లటి గీత మిగులుతుంది. లోపల నాలుగు వైపులా 20 మిల్లీమీటర్ల మార్జిన్. మిగిలిన 257 మిల్లీమీటర్ల వెడల్పును 5 మిల్లీమీటర్ల సందులతో నాలుగు నిలువు గళ్లు చేస్తే ఒక్కొక్కటి 60.5 మిల్లీమీటర్లు వస్తుంది. ఇక ప్రతి అంశమూ ఏదో ఒక గడి ఎడమ అంచున మొదలవ్వాలి.

అన్నీ మధ్యకు పెట్టేయడం మనకు శుభలేఖల నుంచి వచ్చిన అలవాటు. మూడు నాలుగు పొట్టి వరుసలకు అది బాగానే ఉంటుంది. రకరకాల పొడవున్న ఎనిమిది వరుసలను మధ్యకు పెడితే మాత్రం ప్రతి వరుస ఎక్కడ మొదలవుతుందో కన్ను కొత్తగా వెతుక్కోవాలి. ఈ పోస్టర్‌కు ఎడమ అంచు ఒకటే పెట్టండి. శీర్షిక, తేదీ, స్థలం, అర్హతలు అన్నీ అదే గీత మీద మొదలవుతాయి.

మూడో మెట్టు: ఫాంట్ ఎంపిక

ముందు యూనికోడ్ సంగతి. ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా అక్షరాన్ని ఒకేలా గుర్తించే పద్ధతి అది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. అవి యూనికోడ్ కావు. ఆ రాతను వాట్సాప్‌లోకో వెబ్‌సైటులోకో కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. మార్పిడి సాధనాలు ఉన్నా, మార్చాక ప్రతి వత్తునూ మళ్లీ ప్రూఫ్ చూడాలి. కొత్త పని యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవి చాలు: పెద్ద శీర్షికలకు రామభద్ర, వార్తాపత్రిక తరహా పాఠానికి మండలి, సన్నం నుంచి లావు దాకా బరువులు కావాలంటే హింద్ గుంటూరు, నోటో సాన్స్ తెలుగు. బరువుతో పాటు వెడల్పు కూడా మార్చుకోవాలంటే అనేక్ తెలుగు.

ఒక పోస్టర్‌కు ఒక ఫాంట్ కుటుంబం, మరీ కావాలంటే శీర్షికకు ఇంకొకటి. మూడోది వద్దు. తెలుగులో పెద్దబడి అక్షరాలు లేవు కాబట్టి ప్రాధాన్యం చూపడానికి మిగిలిన దారులు సైజు, బరువు, రంగు, ఖాళీ. ఏటవాలు అక్షరం మన లిపికి సహజం కాదు. ఇటాలిక్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని బలవంతంగా పక్కకు వంచుతుంది, తలకట్టు జారిపోయినట్టు కనిపిస్తుంది. ఫాంట్‌లో బోల్డ్ లేకపోయినా బోల్డ్ బటన్ నొక్కితే ఇంకో ముప్పు: గీత చుట్టూ మందం పూసినట్టయి, "ఘ", "ఝ", "ణ" లోపలి ఖాళీలు మూసుకుపోతాయి.

ఫాంట్ ఖాయం చేసే ముందు ఈ మాటలు టైప్ చేసి చూడండి: స్త్రీ, రాష్ట్రం, స్వాతంత్ర్యం, సంస్కృతి, జ్యోత్స్న, వైద్యం, ఉత్కృష్టం. వీటిలో వత్తు కింద వత్తు, క్రారవడి, వట్రసుడి, ఐత్వం అన్నీ ఉన్నాయి. ఎక్కడైనా వత్తు విడిపోయి పొల్లుగా కనిపించినా, రెండు వత్తులు ఒకదాని మీద ఒకటి పడినా ఆ ఫాంట్ పక్కన పెట్టండి. తర్వాత "బ భ, డ ఢ, ద ధ థ, ప ఫ ష స" వరుసను మీ పోస్టర్‌లో ఉండబోయే అతి చిన్న సైజులో ప్రింట్ తీసి చేయి చాపినంత దూరంలో చూడండి. బకూ భకూ తేడా చిన్న గీతే. లావు ఫాంట్‌లో అది మొదట మాయమవుతుంది.

వత్తులు విడిపోతే తప్పు ఎప్పుడూ ఫాంట్‌దే కాదు, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోని సెట్టింగుదీ కావచ్చు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. పాత ఫోటోషాప్ వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సెస్‌లో భారతీయ లిపులకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసి కొత్త ఫైలు తెరవాలి. పాత పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు పని చేయదు. ఉచితంగా కావాలంటే ఇంక్‌స్కేప్, స్క్రైబస్ కొత్త వెర్షన్లు తెలుగును సరిగా కూరుస్తాయి.

నాలుగో మెట్టు: సైజులు, వరుసల మధ్య ఎడం

బోర్డుల విషయంలో వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది: పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఎత్తు ఒక అంగుళం ఉండాలి. ఇక్కడ అక్షరం ఎత్తు అంటే పాయింట్ సైజు కాదు. 72 పాయింట్లు ఒక అంగుళమే అయినా, తెలుగు ఫాంట్లలో ఆ అంగుళంలోనే గుడికీ వత్తుకూ చోటు పోతుంది. అసలు అక్షరానికి మిగిలేది సుమారు సగం. ఫాంటును బట్టి కొంచెం అటూఇటూ ఉంటుంది, స్కేలు పెట్టి కొలుచుకోండి.

ఆ లెక్కన మన పోస్టర్‌కు: శీర్షిక 180 పాయింట్లు, అక్షరం దాదాపు 3 సెంటీమీటర్లు, పన్నెండు అడుగుల నుంచి తెలుస్తుంది. తేదీ, సమయం 90. స్థలం 60. అర్హతలు 30, ఇది దగ్గరికొచ్చినవాళ్లు రెండడుగుల దూరంలో చదివేది. అడుగు భాగం 20. ఒక్కో అంతస్తుకూ మధ్య కనీసం ఒకటిన్నర రెట్ల తేడా ఉంచండి. 60 పక్కన 54 పెడితే అది ప్రాధాన్యంలా అనిపించదు, పొరపాటులా అనిపిస్తుంది.

ఇప్పుడు శీర్షిక దగ్గర ఆగుదాం. 180 పాయింట్లలో "రక్తదాన శిబిరం" ఒకే వరుసలో పట్టదు. రెండు వరుసలు చేయాలి: పైన "రక్తదాన", కింద "శిబిరం". పై వరుసలో "క్త" కింద తవత్తు దిగుతుంది. కింది వరుసలో "శి", "బి" పైన గుడులు లేస్తాయి. ఈ రెండూ ఎదురెదురు. ఇంగ్లిష్ శీర్షికలకు చేసినట్టు వరుసల ఎడాన్ని 100 శాతానికి, అంటే 180కి దించితే తవత్తు నేరుగా గుడి మీద కూర్చుంటుంది. దూరం నుంచి చూస్తే అక్కడొక నల్లటి ముద్ద. 125 శాతం, అంటే 225 పాయింట్లతో మొదలుపెట్టి, తవత్తు అడుగుకూ గుడి తలకూ మధ్య కనీసం అక్షరపు గీత మందమంత ఖాళీ కనిపించేదాకా సరిచేయండి. కొన్ని ఫాంట్లలో 115 చాలు, కొన్నిటికి 135 కావాలి. అంకెను నమ్మొద్దు, ఆ సందును చూడండి.

చిన్న పాఠానికి ఇంకా ఎక్కువ కావాలి. ఇంగ్లిష్‌కు 120 శాతం మామూలు. తెలుగు పాఠానికి 145 నుంచి 160 పెట్టండి. 30 పాయింట్ల అర్హతలకు 45. చోటు చాలకపోతే ఎడం తగ్గించకండి, సైజు ఒక మెట్టు తగ్గించండి. 28 పాయింట్లు ఊపిరి ఆడేలా ఉంటే 32 పాయింట్లు ఇరుక్కున్నదానికంటే తేలిగ్గా చదవగలం.

అక్షరాల మధ్య ఎడం, అంటే ట్రాకింగ్, సున్నా. దాన్ని పెంచితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో పక్కకు వచ్చే వత్తులు, దీర్ఘాలు తమ అక్షరాన్ని వదిలి దూరం జరుగుతాయి. తగ్గిస్తే "క్ర", "ప్ర"లలో ఎడమవైపు తిరిగే క్రారవడి ముందు అక్షరాన్ని తాకుతుంది.

జస్టిఫై, అంటే వరుసలను రెండు అంచులకూ సమానంగా సాగదీయడం, వద్దు. మన పదాలు పొడవు, విభక్తులు అంటుకుని ఇంకా పొడవవుతాయి. వెడల్పు తక్కువున్న పెట్టెలో వరుసకు నాలుగు పదాలే పడితే, ఆ నాలుగింటి మధ్యా సాఫ్ట్‌వేర్ గుంతలు తవ్వుతుంది. ఎడమకు వరుసగా పెట్టి కుడి అంచును వదిలేయండి. వరుస ఎక్కడ విరగాలో అర్థాన్ని బట్టి మీరే నిర్ణయించండి. "45" ఒక వరుసలో, "కిలోల" ఇంకో వరుసలో పడకూడదు. అలాంటి చోట విడిపోని స్పేస్ (నాన్ బ్రేకింగ్ స్పేస్) వాడాలి.

టైపింగులో ఇంకొక చిక్కు. ఇంగ్లిష్ మాటలు తెలుగులో రాసేటప్పుడు పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ కలిసిపోతాయి. "ఫేస్‌బుక్" రాయబోతే "ఫేస్బుక్" అవుతుంది. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం పెట్టాలి. చాలా తెలుగు కీబోర్డుల్లో దానికి ఒక మీట ఉంటుంది. "బస్‌పాస్", "సాఫ్ట్‌వేర్", "ప్లేట్‌లెట్లు" వంటివన్నీ ఒకసారి వెతికి సరిచూసుకోండి.

ఫోన్ నంబరును అయిదేసి అంకెలుగా విడగొట్టండి. ఒకే గుక్కలో పది అంకెలు ఎవరూ గుర్తుపెట్టుకోలేరు.

అయిదో మెట్టు: ఖాళీని పంచడం

సంబంధం ఉన్నవి దగ్గరగా, లేనివి దూరంగా. ఇది వినడానికి తేలిక, చేయడంలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. తేదీకీ సమయానికీ మధ్య ఎడం కంటే, సమయానికీ స్థలానికీ మధ్య ఎడం కచ్చితంగా రెట్టింపు ఉండాలి. మన పోస్టర్‌లో గుంపు లోపల 8 మిల్లీమీటర్లు, గుంపుల మధ్య 18 నుంచి 24 పెట్టండి. ఆ ఎడం ఉంటే గీతలు, పెట్టెలు, పూల అంచులు అవసరం పడవు. రెండు సమాచారాల మధ్య గీత గీయాలనిపించిందంటే ముందు ఖాళీ పెంచి చూడండి.

కొలిచేటప్పుడు వత్తు అడుగు నుంచి కాకుండా అక్షరపు పీఠం, అంటే అక్షరాలు కూర్చునే గీత నుంచి కొలవండి. లేకపోతే వత్తులున్న వరుసకు ఒక ఎడం, లేని వరుసకు ఇంకొక ఎడం వచ్చి పోస్టర్ ఊగుతున్నట్టు ఉంటుంది.

దాతల పేర్లు, నాయకుల ఫోటోల గురించి ఇక్కడే చెప్పాలి. అవి తప్పనిసరి అయితే అడుగున 45 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి కేటాయించి, అన్ని ఫోటోలనూ ఒకే ఎత్తులో, ముఖాలు ఒకే సైజులో కత్తిరించి పెట్టండి. తేదీకి పైన ఒక్క ముఖం కూడా వద్దు. పైన పది ముఖాలు పేర్చిన పోస్టర్‌లో జనం ముఖాలు చూసి వెళ్లిపోతారు, తేదీ దాకా రారు. రక్తం కావలసిన మనిషికి ఆ తేదీయే ముఖ్యం.

ఆరో మెట్టు: రంగు

తెర మీద రెండు రంగుల మధ్య వెలుగు తేడాను ఒక నిష్పత్తిగా కొలుస్తారు. వెబ్ అందుబాటు ప్రమాణాల ప్రకారం మామూలు పాఠానికి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. తెలుగు వత్తులు సన్నగా ఉంటాయి కాబట్టి మనం 7:1 లక్ష్యంగా పెట్టుకోవడం మంచిది.

మన ఫ్లెక్సీల్లో కనిపించే జోడీలను ఈ కొలతతో చూడండి. తెలుపు మీద నలుపు 21. పసుపు మీద నలుపు 19.6. తెలుపు మీద పచ్చి ఎరుపు 4.0 మాత్రమే. పసుపు మీద ఎరుపు 3.7. ముదురు ఆకుపచ్చ మీద ఎరుపు 1.3, అంటే దాదాపు కనిపించదు. పైగా ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని చూపున్న వాళ్లకు అక్కడ అక్షరమే లేదు. తెలుపు మీద పసుపు 1.1. కంటికి జిగేల్మనిపించేది చదవడానికి అనువైనదని అనుకోవడం వల్లే ఇలాంటివి పుడతాయి.

రక్తదానం కాబట్టి ఎరుపు వాడతాం, సరే. పచ్చి ఎరుపును ముదురు చేయండి. ఆర్‌జీబీలో, అంటే తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలో, ఎరుపు విలువను 255 నుంచి 176కి దించితే తెలుపుతో నిష్పత్తి 7.4కు చేరుతుంది. ఆ ముదురు ఎరుపు శీర్షికకూ తేదీకీ, మిగతాదంతా నలుపు, నేల తెలుపు. రంగుల పని అంతటితో అయిపోయింది.

ప్రెస్సుకు పంపేది సీఎంవైకేలో, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు అచ్చు సిరాల లెక్కలో ఉండాలి. చిన్న పాఠం నలుపు ఒక్క సిరాతోనే, అంటే కే 100, మిగతావి సున్నా. నలుపును నాలుగు రంగులతో తయారుచేస్తే, ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు వెంట్రుకవాసి తప్పినా వత్తుల చుట్టూ రంగుల నీడ వస్తుంది.

ఏడో మెట్టు: బొమ్మ

ఒక బొమ్మ చాలు. 150 మిల్లీమీటర్ల వెడల్పున అచ్చయ్యే ఫోటోకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 1772 పిక్సెళ్లు కావాలి. 200 చుక్కలైతే 1181, పోస్టర్‌కు అది కింది హద్దు. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటో కుదించి వస్తుంది. పంపేవారిని డాక్యుమెంటుగా పంపమనండి. ఫోటోలోని మనిషి పేజీ లోపలికి, తేదీ వైపు చూస్తుండాలి. మూల పట్టుకుని లాగేటప్పుడు వెడల్పు, ఎత్తుల నిష్పత్తి చెడకూడదు.

ఫోటో మీదే అక్షరాలు వేయాల్సి వస్తే, కింద 60 నుంచి 70 శాతం ముదురు పొర వేసి తెల్ల అక్షరం పెట్టండి. అక్షరం చుట్టూ తెల్లటి గీత, దాని చుట్టూ నల్లటి గీత, ఆపైన నీడ వేస్తే వత్తుల మధ్య సందులు పూర్తిగా పూడుకుపోతాయి.

ఎర్ర శిలువ గుర్తు వాడకండి. అది ఎవరైనా వాడుకునే వైద్యచిహ్నం కాదు. భారతదేశంలో 1960 నాటి జెనీవా కన్వెన్షన్స్ చట్టం కింద దాని వాడకంపై పరిమితి ఉంది. ఒక రక్తపు చుక్క గీస్తే చాలు.

క్యూఆర్ కోడ్ పెడితే, స్కాన్ చేసే దూరంలో పదో వంతు సైజు ఉండాలి. 40 సెంటీమీటర్ల నుంచి స్కాన్ చేయాలంటే 4 సెంటీమీటర్లు. చుట్టూ కోడ్‌లోని నాలుగు చిన్న గళ్లంత తెల్ల అంచు వదలాలి. ఈ అంచు లేకే చాలా కోడ్‌లు పనిచేయవు.

ఎనిమిదో మెట్టు: పరీక్ష

ఏ3ని 71 శాతానికి కుదిస్తే ఏ4లో పడుతుంది. నలుపు తెలుపులో ఒక కాపీ తీసి గోడకు అంటించండి. పన్నెండు అడుగుల నుంచి చదవాల్సిన పోస్టర్ 71 శాతానికి తగ్గింది కాబట్టి ఎనిమిదిన్నర అడుగుల దూరంలో నిలబడండి. కళ్లు సగం మూసి చూస్తే మూడు ముద్దలు విడివిడిగా కనిపించాలి: శీర్షిక, తేదీ, స్థలం. అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతే సైజుల తేడా చాలలేదన్నమాట.

పోస్టర్ ఎప్పుడూ చూడని ఒకరికి మూడు సెకన్లు చూపించి తిప్పేయండి. ఎప్పుడు, ఎక్కడ అని అడగండి. తర్వాత అచ్చుతప్పుల కోసం బిగ్గరగా చదవండి, తేదీకి వారం సరిపోతుందో క్యాలెండర్‌లో చూడండి (2026 జూన్ 14 ఆదివారమే). అచ్చులో ఉన్న నంబరును చూసి ఫోన్ చేయండి, మీకు గుర్తున్న నంబరుకు కాదు.

ప్రెస్సుకు పీడీఎఫ్ పంపేటప్పుడు ఫాంట్లు అందులో ఇమిడేలా చూడండి. ప్రెస్సువాళ్ల దగ్గర పాత సాఫ్ట్‌వేర్ ఉందంటే అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చి పంపండి, మార్చని ఫైలు మీ దగ్గర దాచుకోండి.

ఫ్లెక్సీకి, ఫోన్‌కు

ఫ్లెక్సీ అంటే పోస్టర్‌ను సాగదీయడం కాదు. బండి మీద వెళ్లేవాళ్లు చూస్తారు కాబట్టి శీర్షిక, తేదీ, స్థలం ఉంచి అర్హతలు తీసేయండి. 6 × 3 అడుగులకు అంగుళానికి 100 చుక్కలు చాలు, 7200 × 3600 పిక్సెళ్లు.

ఫోన్‌కు 1080 × 1350 పిక్సెళ్ల కొత్త ఫైలు తెరవండి. ఏ3 పోస్టర్‌నే చిన్నది చేసి పంపితే 30 పాయింట్ల అర్హతలు ఫోన్ తెర మీద చీమతలకాయలవుతాయి. తెర వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లు, అంటే ఒక మిల్లీమీటరుకు దాదాపు 15 పిక్సెళ్లు. తెలుగు ఫాంట్ సైజు 48 పిక్సెళ్లకు తగ్గితే అసలు అక్షరం ఒకటిన్నర మిల్లీమీటర్లకు చేరుతుంది, అంతకంటే కిందికి వెళ్లొద్దు. వాట్సాప్ బొమ్మను జేపెగ్‌గా కుదిస్తుంది. ఆ కుదింపులో రంగు వివరం ముందు పోతుంది కాబట్టి ఎర్రటి సన్న అక్షరాల అంచులు మసకబారతాయి. చిన్న పాఠం నలుపులోనే ఉంచండి.

బొమ్మతో పాటు అదే సమాచారాన్ని కింద సందేశంగా టైప్ చేయండి. చూపు లేనివాళ్ల ఫోన్ బొమ్మలోని అక్షరాలను సరిగా చదివి వినిపించకపోవచ్చు, టైప్ చేసినదాన్ని చదువుతుంది. చూపు మందగించిన పెద్దవాళ్లు అక్షరం పెంచుకుంటారు. నంబరు మీద నొక్కితే ఫోన్ వెళ్తుంది. శిబిరం రోజు ఉదయం గ్రూపులో వెతికేవాళ్లకు "రక్తదాన" అని టైప్ చేయగానే దొరికేది కూడా ఆ సందేశమే.